స్టార్ అంటే ఏ స్టార్? కంప్యూటర్ విప్పే ముందు స్క్రూడ్రైవర్ సంగతి

పోయిన నెలలో ఒక సాయంత్రం విశాఖ ద్వారకానగర్‌లో కంప్యూటర్ సామాన్ల కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. పక్కనే ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌లో బ్యాటరీ గంట కూడా నిలవడం లేదట. కొత్త బ్యాటరీ తెప్పించుకున్నాడు, విప్పడానికి స్క్రూడ్రైవర్ కోసం గాజువాక నుంచి బస్సెక్కి వచ్చాడు.

"అన్నా, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఇవ్వండి" అన్నాడు. కొట్టాయన సొరుగులోంచి సన్నటి ప్లస్ మొన ఉన్నది తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది కాదండీ, స్టార్."

"ఇదే కదా బాబూ స్టారంటే! ఇంకేటి స్టారు?"

"పువ్వులా ఉంటది చూడండి, అదీ."

ఆయన మళ్లీ వెతికి ఆరు రేకుల మొన ఉన్నది తీసిచ్చాడు. కుర్రాడు బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి, బోర్లించి, అక్కడే పెట్టి చూశాడు. కుదరలేదు. ముగ్గురం వంగి చూశాం. ఆ స్క్రూ తల మీద రేకులు ఆరు కాదు, ఐదు.

ఇందులో తప్పు ఎవరిదీ కాదు. చిక్కంతా మన మాటలోనే ఉంది. మన ఇళ్లలో, ఎలక్ట్రికల్ షాపుల్లో ఉండేవి రెండే రకాలు: ఒకే గాడి ఉన్నది మైనస్, అడ్డంగా నిలువుగా రెండు గాళ్లున్నది ప్లస్. ఆ ప్లస్‌నే చాలామంది స్టార్ అంటారు. ఫ్యాను బిగించడానికి, స్విచ్‌బోర్డు విప్పడానికి ఆ రెండు పేర్లు చాలు. కంప్యూటర్ దగ్గరకి వచ్చేసరికి ప్లస్‌లోనే నాలుగైదు సైజులు, దానికి తోడు నిజంగా నక్షత్రంలా ఉండే మొనలు మరో మూడు రకాలు. ఒక్క మాటతో అన్నిటినీ అడిగితే కొట్టాయన మాత్రం ఏం ఇస్తాడు?

అక్కయ్యపాలెంలో నాకో చిన్న రిపేరు బల్ల ఉంది. ఇరవై ఏళ్లు దాటింది. నా దగ్గరకి వచ్చే లాప్‌టాప్‌ల్లో సగానికి సగం అప్పటికే ఎవరో ఒకసారి విప్పబోయినవే. అసలు జబ్బు ఫ్యానో, కీబోర్డో అయి ఉంటుంది. దాని మీద రెండో జబ్బు, తల అరిగి గుండ్రమైపోయిన స్క్రూ. మొదటిది అరగంటలో పోతుంది, రెండోది పూట తినేస్తుంది. స్క్రూ అరిగిందంటే చెయ్యి మొరటుదని అనుకుంటాం. నేను చూసినంతలో మొరటు చెయ్యి కంటే కుదరని మొన వల్ల పాడైనవే ఎక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్లస్ మొన ఎందుకు జారుతుంది

మనం ప్లస్ అనేదానికి అసలు పేరు ఫిలిప్స్. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ 1936లో దీనికి పేటెంట్లు పొందాడు. మూల ఆలోచన జాన్ థాంప్సన్ అనే మరొకతనిది. కాడిలాక్ కార్ల తయారీలో జనరల్ మోటార్స్ దీన్ని తొలుత వాడింది, అక్కణ్నుంచి ప్రపంచమంతా పాకింది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. మైనస్ గాడిలో మొన పక్కకు జారిపోతుంది, నడిమధ్యకు తెచ్చి నిలబెట్టాలి. ప్లస్ అయితే మొన దానంతటదే మధ్యలోకి దిగి కూర్చుంటుంది. ఒకదాని వెనక ఒకటిగా వేల స్క్రూలు బిగించే ఫ్యాక్టరీలో ఇంతకంటే కావలసిందేముంది?

అయితే అలా సులువుగా దిగడానికి గాడి గోడల్ని ఏటవాలుగా పెట్టారు. పైన వెడల్పు, అడుగున సన్నం, గరాటు మాదిరి. గట్టిగా తిప్పినప్పుడు ఆ ఏటవాలు గోడ మొనని పైకి తోస్తుంది. మనం నొక్కి పట్టే బలం కంటే ఆ తోపు ఎక్కువైతే మొన లేచిపోతుంది. లేస్తూ లేస్తూ గాడి అంచుల్ని గీకేస్తుంది. ఒకసారి గీకితే అంచు మరింత వాలుతుంది, రెండోసారి ఇంకా తేలిగ్గా జారుతుంది. మూడోసారికి గాడి కాదు, గిన్నె మిగులుతుంది.

మా మావయ్య హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఆయన చెప్పింది ఒకటే: "మూడొంతులు నొక్కరా, ఒక వంతు తిప్పు." ఓడల బోల్టుల మీద పెరిగిన చెయ్యి ఆయనది, లాప్‌టాప్ ముట్టుకుని ఎరగరు. అయినా ఏటవాలు గోడ లెక్క మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. విప్పేటప్పుడు చాలామంది తిప్పడం మీదే దృష్టి పెట్టి నొక్కడం మరచిపోతారు. బిగించేటప్పుడు స్క్రూ లోపలికి పోతుంది కాబట్టి చెయ్యి దానంతటదే నొక్కుతుంది. విప్పేటప్పుడు స్క్రూ పైకి వస్తుంది, దానితో పాటే చెయ్యీ లేస్తుంది. స్క్రూలు అరిగేది ఎక్కువగా విప్పేటప్పుడే.

సైజు సంగతి

నొక్కడం ఎంత తెలిసినా మొన సైజు తప్పితే లాభం లేదు. ఫిలిప్స్ సైజుల్ని పీహెచ్ అనే అక్షరాలతో, పక్కన అంకెతో రాస్తారు. ఇంట్లో ఉండే మామూలు ప్లస్ పీహెచ్ 2. దానికంటే చిన్నది పీహెచ్ 1, తర్వాత పీహెచ్ 0, పీహెచ్ 00, పీహెచ్ 000. సున్నాలు పెరిగేకొద్దీ మొన చిన్నదవుతుంది. కడ్డీ మీదో పిడి మీదో ఈ అంకె చెక్కి ఉంటుంది. అంకె లేని స్క్రూడ్రైవర్‌ని నేను కొనను.

చిన్న మొన పెద్ద గాడిలో దూరుతుంది. దూరింది కదా, సరిపోయిందనుకోవడంతోనే పని చెడుతుంది. పీహెచ్ 0 కావలసిన చోట పీహెచ్ 00 పెడితే అది గరాటు అడుగున మాత్రమే తగులుతుంది. గోడల పొడవునా పంచుకోవలసిన బలమంతా అడుగున నాలుగు చిన్న మూలల మీద పడుతుంది. ఆ మూలలు పోతే గాడి పోయినట్టే. అందుకే ఎప్పుడూ పెద్దదాని నుంచి చిన్నదానికి రావాలి. ముందు పీహెచ్ 1 పెట్టి చూడండి. దిగకుండా పైనే తేలితే పీహెచ్ 0. దిగాక తిప్పకుండా పిడిని అటూ ఇటూ మెల్లిగా ఊపండి. లొడలొడలాడితే ఆ సైజు కాదు. సరైన సైజు దొరికినప్పుడు మొనకీ తలకీ మధ్య ఆట ఉండదు. చేతికి దొరికిన విడి స్క్రూ మీద ఒకసారి చూసుకోండి: స్క్రూడ్రైవర్‌ని అడ్డంగా పట్టుకుని మొనకు స్క్రూ తగిలిస్తే, అయస్కాంతం లేకపోయినా కాసేపు పడిపోకుండా నిలబడాలి.

ఏ యంత్రంలో ఏది అన్న ప్రశ్నకి డెస్క్‌టాప్ జవాబు తేలిక. క్యాబినెట్ పక్క తలుపు, పవర్ సప్లై, మదర్‌బోర్డు, ప్రాసెసర్ కూలర్, దాదాపు అన్నీ పీహెచ్ 2. గ్రాఫిక్స్ కార్డు విప్పి చిప్ వేడిని లాగే పేస్టు మార్చాలంటే పీహెచ్ 1, పీహెచ్ 0 కావాలి. ఎం.2 ఎస్‌ఎస్‌డీని, అంటే మదర్‌బోర్డు మీదే గుచ్చే పలక లాంటి స్టోరేజీని, పట్టి ఉంచే ఆ ఒక్క బుల్లి స్క్రూ సాధారణంగా 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దానికి పీహెచ్ 2 పెట్టి బలవంతం చేసినవాళ్లని చూశాను. తల ఊడి బోర్డు మీదే మిగిలింది.

లాప్‌టాప్‌లో అడుగు మూతకి ఎక్కువగా పీహెచ్ 0, కొన్నిటికి పీహెచ్ 1, లోపలి చిన్న పట్టీలకు అక్కడక్కడ పీహెచ్ 00. డెల్ తన లాప్‌టాప్‌ల సర్వీస్ మాన్యువళ్లలో కావలసిన పనిముట్లంటూ సాధారణంగా పీహెచ్ 0, పీహెచ్ 1, ఒక ప్లాస్టిక్ పుల్ల అని రాస్తుంది. అంతే. కంపెనీ ఇంజనీర్లకు చాలిన ఆ మూడు పనిముట్లు మనకీ చాలు. విప్పబోయే మోడల్ మాన్యువల్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంటే, ముందు చదవకుండా మూతకి చెయ్యి వెయ్యకండి.

ప్లస్‌లా కనిపించే మరో ఇద్దరు చుట్టాలున్నారు. ఒకటి పోజిడ్రైవ్. ప్లస్ గాళ్ల మధ్య ఇంకో నాలుగు సన్నటి గీతలుంటాయి. ఇది ఫర్నిచర్‌లో కనిపిస్తుంది, కంప్యూటర్ పనిలో దీని గురించి బెంగ అక్కర్లేదు. రెండోది జపాన్ ప్రమాణం, జేఐఎస్. చూడటానికి అచ్చం ఫిలిప్సే, లోపలి మూలల వంపులో చిన్న తేడా. జపాన్ తయారీ ప్రింటర్లు, కెమెరాలు, పాత లాప్‌టాప్‌ల్లో ఉంటుంది. కొన్ని తలల మీద గాడి పక్కన చిన్న చుక్క గుర్తు వేస్తారు. ఫిలిప్స్ మొన అందులో అడుగంటా దిగదు, తిప్పితే లేచిపోతుంది. జేఐఎస్ మొన మాత్రం ఫిలిప్స్ గాడిలో చక్కగా కూర్చుంటుంది. ఒసాకా కంపెనీ వెసెల్ చేసే డ్రైవర్లు ఇందుకే రిపేరు చేసేవాళ్లకి ఇష్టం. ప్రింటర్ల పని ఎక్కువగా ఉంటే ఒకటి కొనుక్కోండి. లాప్‌టాప్‌లే అయితే ఆగవచ్చు.

ఆరు రేకులు, ఐదు రేకులు, మూడు రేకులు

ఇక నిజమైన స్టార్లు. ఆరు రేకులది టార్క్స్. అమెరికాలో క్యామ్‌కార్ టెక్స్‌ట్రాన్ 1967లో తెచ్చింది. దీని గోడలు నిట్టనిలువు. ఏటవాలు లేదు కాబట్టి తిప్పినప్పుడు మొనని పైకి తోసే బలం దాదాపు ఉండదు. నాకు నచ్చిన గాడి ఇదే, లాప్‌టాప్‌లన్నీ దీనికి మారితే నా బల్ల మీద పని సగం తగ్గుతుంది. సైజులు టీ అక్షరంతో: టీ3, టీ4, టీ5, టీ6, టీ8, టీ10. హార్డ్ డిస్కు కింద పచ్చటి సర్క్యూట్ బోర్డుకు చాలా వాటిలో టీ6, పై మూతకు టీ8 తరచుగా కనిపిస్తాయి. డేటా కావాలనుకుంటే ఆ మూత మాత్రం తెరవకండి. లోపల పళ్లేల మీద ఒక్క ధూళి కణం పడినా ప్రమాదమే. టార్క్స్ గాడి మధ్యలో చిన్న పొడుపు లేచి ఉంటే దాన్ని సెక్యూరిటీ టార్క్స్ అంటారు. దానికి మొనలో రంధ్రం ఉన్న బిట్, అంటే పిడిలో మార్చి పెట్టుకునే విడి మొన, కావాలి. ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్‌కి టీ8 సైజులో అలాంటిదే. రంధ్రం ఉన్న బిట్ మామూలు టార్క్స్‌కీ పనికొస్తుంది కానీ మొన కొంత బలహీనం.

ఐదు రేకులది పెంటలోబ్. ఇది ఆపిల్ వాడకం. 2009లో 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో బ్యాటరీని పట్టి ఉంచడానికి మొదట వచ్చింది. తర్వాత ఐఫోన్‌కీ, మ్యాక్‌బుక్ ఎయిర్ అడుగు మూతకీ పాకింది. లాప్‌టాప్‌కు పీ5, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లది. ఐఫోన్‌కు పీ2, 0.8 మిల్లీమీటర్లది. పనితనంలో టార్క్స్ కంటే మెరుగేమీ కాదు. ఊరి కొట్టులో దొరికే మొన దూరకుండా ఉండటమే దీని లాభమని నా అభిప్రాయం. కొన్న వస్తువు మూత తెరవడానికి మనిషి ఊరంతా తిరగాల్సి రావడం నాకు కష్టంగా ఉంటుంది. ఇక మూడు రేకులది ఐఫోన్ 7 నుంచి ఫోన్ల లోపల ఉంటుంది, దాని గుర్తు వై000.

ఆ కుర్రాడికి అక్కడే నోటు పుస్తకంలో రాసిచ్చాను: అడుగు మూతకి పీ5, లోపల బ్యాటరీకి టీ5. కొట్టాయన కూడా ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. అదృష్టం, రెండూ ఆయన సొరుగులోనే ఉన్నాయి.

వందబిట్ల పెట్టె కొనాలా?

ఆన్‌లైన్‌లో చూస్తే ఒక పెట్టెలో 32 బిట్లు, 64, 115. రెండు మూడు వందల రూపాయలకే. ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. చెడ్డవని కొట్టిపారేయను. ఎప్పుడో ఒకసారి అవసరమయ్యే వింత మొనలకి అవే దిక్కు. రోజూ వాడే పీహెచ్ 0, పీహెచ్ 1 మొనలు మాత్రం ఆ పెట్టెలోవి వాడకండి.

కారణం మొదట ఉక్కు. స్క్రూడ్రైవర్లు ఎక్కువగా క్రోమ్ వెనేడియం ఉక్కుతోనో, ఎస్2 అనే పనిముట్ల ఉక్కుతోనో చేస్తారు. ఎస్2 దెబ్బకు తట్టుకునే రకం. బాగా చేసినది గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ సి కొలత మీద 60 దరిదాపుల్లో ఉంటుంది. లాప్‌టాప్ స్క్రూలు దానికంటే చాలా మెత్తన. మొన మెత్తనైతే ముందు మొన అరుగుతుంది, అరిగిన మొన తర్వాత వచ్చే ప్రతి స్క్రూనీ అరగదీస్తుంది. మరీ గట్టిదైతే టీ3 లాంటి సన్న మొన పుటుక్కున విరిగి గాడిలోనే ఉండిపోతుంది. పెట్టె మీద ఎస్2 అని అచ్చు వేసినంత మాత్రాన నమ్మనక్కర్లేదు. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి మొనని పెద్దది చేసి చూడండి. అంచులు కత్తిరించినట్టు పదునుగా, రెక్కలు నాలుగూ ఒకే మందంగా ఉండాలి. పూత మందంగా పట్టి మూలలు మూసుకుపోయినట్టుంటే అది స్క్రూ మీద కూర్చోదు.

రెండో కారణం కడ్డీ. బిట్ల సెట్లలో సాధారణంగా 4 మిల్లీమీటర్ల ఆరు పలకల బిట్ ఒక పట్టులో దూరుతుంది. ఆ పట్టు లావు. లాప్‌టాప్ అడుగున కొన్ని స్క్రూలు సన్నటి బావిలాంటి రంధ్రంలో లోతుగా ఉంటాయి. పట్టు పై అంచుకే తగిలి ఆగిపోతుంది, మొన గాడిని అందీ అందకుండా తాకుతుంది. అప్పుడు తిప్పితే ఏమవుతుందో పైన చెప్పాను. మొన నుంచి పిడి దాకా ఒకే సన్న కడ్డీ ఉన్న స్క్రూడ్రైవర్‌కి ఈ ఇబ్బంది లేదు. డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ కూలర్ రెక్కల మధ్యకి పోవాలంటే పీహెచ్ 2కి కనీసం 150 మిల్లీమీటర్ల కడ్డీ ఉండాలి.

పిడి మందం గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం అది ఉక్కు అంత ముఖ్యం. లెనోవో థింక్‌ప్యాడ్ మాన్యువళ్లలో 2 మిల్లీమీటర్ల స్క్రూకి 0.181 న్యూటన్ మీటర్ల బిగువు చాలని ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే, ఒక సెంటీమీటరు దూరంలో 1.85 కిలోల బరువు వేలాడదీసినంత. పిడి 12 మిల్లీమీటర్ల మందం ఉంటే ఆ బిగువుకి వేళ్ల కొసన సుమారు 3 కిలోల బలం పెట్టాలి. అది వేళ్లకి తెలుస్తుంది, ఇక చాలనిపిస్తుంది. అదే 30 మిల్లీమీటర్ల లావు పిడి అయితే కిలో పైచిలుకు చాలు. ఆ మాత్రం మన గుప్పిటకి తెలియనే తెలియదు, తెలిసేలోపు ప్లాస్టిక్‌లో పొదిగిన ఇత్తడి నట్టు ఊడి తిరుగుతుంటుంది. లాప్‌టాప్ హింజ్ దగ్గర పగుళ్లలో ఇలా మొదలైనవి నేను చాలా చూశాను. చిన్న స్క్రూకి సన్న పిడి, పైన స్వేచ్ఛగా తిరిగే టోపీ ఉన్నది తీసుకోండి. టోపీ మీద చూపుడు వేలు ఆనించి నొక్కుతూ, బొటనవేలితో మధ్యవేలితో తిప్పడం. మావయ్య చెప్పిన మూడొంతులు, ఒక వంతు అప్పుడు కుదురుతుంది. కరెంటు స్క్రూడ్రైవర్‌తో మూత స్క్రూలు వదులయ్యాక త్వరగా తీయండి, పర్లేదు. చివరి బిగింపు మాత్రం చేతితోనే.

నేనైతే ఏం కొంటానో చెప్తాను. పొడవు కడ్డీ పీహెచ్ 2 ఒకటి, నాసిక్ తపారియాది చాలు, ఏ హార్డ్‌వేర్ కొట్టులోనైనా దొరుకుతుంది. పీహెచ్ 1, పీహెచ్ 0, పీహెచ్ 00 మాత్రం మంచి రకంలో విడివిడిగా. జర్మనీ వీహా, వేరా గానీ, స్విట్జర్లాండ్ పీబీ గానీ, జపాన్ వెసెల్ గానీ. ఒక్కోటి బిట్ల పెట్టె మొత్తం కంటే ఖరీదు కావచ్చు. అయినా ఏళ్ల తరబడి చేతిలో ఉంటుంది. టీ5, టీ6, టీ8 అవసరం వచ్చినప్పుడు. మదర్‌బోర్డు కింద నిలబడే ఇత్తడి స్తంభాలు తిప్పడానికి 5 మిల్లీమీటర్ల నట్ డ్రైవర్. ఆ తర్వాత డబ్బులుంటే బిట్ల పెట్టె.

టెస్టర్ మాట కూడా చెప్పాలి. ప్రతి ఇంట్లో ఫ్రిజ్ పైనో, టీవీ పక్కనో ఒక లైటు టెస్టర్ ఉంటుంది, చేతికి ముందు అందేది అదే. దాని మైనస్ మొన ప్లస్ గాడిలో రెండు పక్కల్నే పట్టుకుంటుంది, పిడిలో ఉన్న గాజు బల్బు, స్ప్రింగు బిగువుకి ఆగవు. కరెంటు ఉందా లేదా చూడటానికే దాన్ని ఉంచండి.

అయస్కాంతం, కరెంటు, స్టాటిక్

మొనకి అయస్కాంతం ఉంటే హార్డ్ డిస్కు చెరిగిపోతుందని ఇప్పటికీ అడుగుతారు. ఫ్లాపీల కాలంలో ఆ భయానికి అర్థం ఉండేది. ఇప్పటి ఎస్‌ఎస్‌డీ అయస్కాంతంతో పనిచేసేది కాదు. హార్డ్ డిస్కు లోపలే స్క్రూడ్రైవర్ మొన కంటే ఎన్నో రెట్లు బలమైన నియోడిమియం అయస్కాంతాలుంటాయి. అసలు భయపడాల్సింది మదర్‌బోర్డు మీద జారిపడి కనిపించకుండా పోయే స్క్రూకి. అయస్కాంతం దాన్ని ఆపుతుంది, కాబట్టి ఉండాలి. లేకపోతే పాత స్పీకర్ అయస్కాంతం మీద కడ్డీని ఒకే దిశలో పదిసార్లు రాయండి.

పసుపు ఎరుపు తొడుగులతో, 1000 వోల్టులు అని రాసి ఉన్న స్క్రూడ్రైవర్లు ఎలక్ట్రీషియన్ల కోసం. ఆ తొడుగు మనిషిని కరెంటు నుంచి కాపాడుతుంది, చిప్‌ని స్టాటిక్ నుంచి, అంటే ఒంటి మీద పేరుకునే విద్యుత్ ఆవేశం నుంచి, కాపాడదు. స్టాటిక్‌కు పనికొచ్చే పిడి వేరే. దాని నిరోధం సుమారు పది లక్షల ఓముల నుంచి వంద కోట్ల ఓముల మధ్య ఉంటుంది, పేరుకున్న ఆవేశాన్ని మెల్లిగా చేతిలోకి వదులుతుంది. చేతి నుంచి భూమికి పోవడానికి మణికట్టు పట్టీ ఉండాలి. పట్టీ లేకుండా పిడి ఒక్కటే కొంటే సగం పనే. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్టాటిక్ తక్కువే పుడుతుంది. ఏసీ గదిలో కార్పెట్ మీద కూర్చుని పనిచేస్తే ఆ ధీమా వద్దు. ఏ పనికైనా ముందు ఛార్జర్ తీయడం, మూత తెరవగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. డెస్క్‌టాప్ పవర్ సప్లై పెట్టెని మాత్రం విప్పకండి. మన 230 వోల్టులు లోపల 325 వోల్టులుగా, కొన్నిటిలో అంతకంటే ఎక్కువగా, డీసీ రూపంలో కెపాసిటర్లలో నిలిచి, ప్లగ్ తీశాక కూడా కాసేపు ఉండిపోతుంది.

సముద్రం పక్కన స్క్రూ

ఇది మన ఊరికే ప్రత్యేకం. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, భీమిలి రోడ్డు వైపు నుంచి వచ్చే యంత్రాలను స్క్రూలు చూసే గుర్తుపట్టగలను. ఉప్పుగాలి స్క్రూ మీది పూతని తినేసి, కింది ఇనుముని తుప్పు పట్టిస్తుంది. అల్యూమినియం మూతలో ఇనుప స్క్రూ ఉంటే, ఉప్పు తేమ చేరినప్పుడు ఆ రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ లాంటిదే పుట్టి అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. ఆ పొడి త్రెడ్డుల్లో, అంటే స్క్రూ చుట్ల మధ్య, చేరి స్క్రూని అతికించేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పగిలిన కిటికీల్లోంచి ఉప్పునీటి జల్లు నేరుగా యంత్రాల మీద కొట్టింది. కరెంటు లేక రోజుల తరబడి అవి తడిగానే పడి ఉన్నాయి. తర్వాత నెలలపాటు నేను విప్పినవి మొరాయించే స్క్రూలే. మొండి స్క్రూల చదువంతా నాకు అప్పుడే వంటబట్టింది.

కదలని స్క్రూకి మొదటి మందు కొత్త మొన, సరైన సైజు. గాడిలో తుప్పు, మట్టి ఉంటే ముందు సూదితో గీకి తీయండి. లేకపోతే మొన పైనే తేలుతుంది. తర్వాత విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పండి. అతుకు అక్కడ తెగుతుంది, ఆ పైన వదిలే వైపు తిప్పితే వస్తుంది. ఫ్యాక్టరీలో త్రెడ్డుకి పూసిన జిగురు పట్టి ఉంటే సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద కొన్ని సెకన్లు ఆనించండి. వేడికి జిగురు మెత్తబడుతుంది. పక్కన బ్యాటరీ ఉంటే మాత్రం ఆ పని చెయ్యకండి. డబ్ల్యూడీ-40 లాంటి నూనె కావాలంటే నేరుగా కొట్టకుండా, పంటిపుల్ల కొసతో ఒక్క బొట్టు అంచున పెట్టి పావుగంట ఆగండి. ప్లాస్టిక్ మీద, బోర్డు మీద పడకూడదు.

గాడి అప్పటికే పోయిందా? పల్చటి రబ్బరు బ్యాండుని గాడి మీద పరిచి, దాని మీంచి నొక్కి తిప్పితే కొన్ని వస్తాయి. దానికీ రాకపోతే ఒక సైజు పెద్ద మొనని మెల్లిగా తట్టి గాడిలో కూర్చోబెట్టడం, తల పైకి ఉంటే సన్న ముక్కు పట్కారుతో అంచు పట్టి తిప్పడం. చివరిది తలని డ్రిల్‌తో తీసేయడం. అది అలవాటు లేని చేతులు చెయ్యాల్సింది కాదు, ఎందుకంటే ఇనుప రజను బోర్డు మీద పడితే అదే కొత్త జబ్బు.

తీసిన స్క్రూ తిరిగి ఎక్కడికి

డెస్క్‌టాప్‌లో రెండు త్రెడ్డులు కలిసి ఉంటాయి. ఒకటి 6-32, అంటే అంగుళానికి 32 చుట్లు. చుట్టుకీ చుట్టుకీ మధ్య 0.79 మిల్లీమీటరు, కాబట్టి కంటికి ముతకగా కనిపిస్తుంది. క్యాబినెట్, పవర్ సప్లై, 3.5 అంగుళాల హార్డ్ డిస్కుకి ఇది. రెండోది ఎం3, చుట్టు దూరం 0.5 మిల్లీమీటరు, సన్నగా ఉంటుంది. 2.5 అంగుళాల డిస్కులకి ఇది. ముతకదాన్ని సన్న రంధ్రంలో పెడితే మొదటి చుట్టుకే బిగుసుకుంటుంది. అప్పుడు బలం పెడితే రంధ్రం త్రెడ్డు పోతుంది. అందుకే ఏ స్క్రూనైనా ముందు వేళ్లతో రెండు చుట్లు తిప్పాలి. వేళ్లతో ఎక్కనిది స్క్రూడ్రైవర్‌తో ఎక్కించకూడదు.

లాప్‌టాప్‌లో సమస్య త్రెడ్డు కంటే పొడవుతో వస్తుంది. 3 మిల్లీమీటర్ల చోట 6 మిల్లీమీటర్లది పెడితే కీబోర్డు వైపు బొడిపె లేస్తుంది, కొన్నిసార్లు బోర్డు లోపలి పొరలు తెగుతాయి. కొందరు ఐస్ ట్రేలో, కొందరు పోపుల పెట్టెలో స్క్రూలు వేస్తారు. నాకు థర్మాకోల్ ముక్క నచ్చుతుంది. దాని మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుతాను. పిల్లి దూకినా చెదరవు. థింక్‌ప్యాడ్‌లో నైలాన్ పూసిన స్క్రూలుంటాయి, వాటిని ఒక్కసారే వాడాలని లెనోవో మాన్యువల్ చెబుతుంది. ఆ పూతే కుదుపులకి వదులవకుండా పట్టి ఉంచేది.

ఆ కుర్రాడు తర్వాతి ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని నా బల్ల దగ్గరకి వచ్చాడు. "అన్నా, తొమ్మిది వచ్చేశాయి, ఒకటి రావట్లేదు" అన్నాడు. ఆ మోడల్ ఎయిర్ అడుగున పది స్క్రూలు. ఎనిమిది 2.6 మిల్లీమీటర్లవి, వెనక వైపు రెండు మాత్రం 9 మిల్లీమీటర్ల పొడవువి. రానిది ఆ పొడవు వాటిలో ఒకటి. రేకుల్లో ఎర్రటి తుప్పు. పాత యజమాని ఆర్కే బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడట. మిగతా తొమ్మిదింటినీ నోటు పుస్తకం కాగితం మీద బొమ్మ గీసి సెల్లో టేపుతో అంటించి తెచ్చాడు, అది చూసి నాకు ఎంతో సంతోషమైంది. సూదితో రేకులు శుభ్రం చేయించాను. పీ5 నిలువుగా పెట్టి, టోపీ మీద వేలు ఆనించి, ముందు బిగించే వైపు తిప్పమన్నాను. భయంగా నా వైపు చూశాడు. "నొక్కు తమ్ముడూ, ఇంకా నొక్కు" అన్నాను. టిక్కుమని చిన్న చప్పుడు. తర్వాత వదిలే వైపు తిప్పితే ఆ స్క్రూ త్రెడ్డులో తెల్లటి పొడితో సహా మెల్లిగా పైకి వచ్చింది. కాగితం మీద పదో చోటు ఖాళీగా ఉంది, టేపు ముక్క కత్తిరించి దాన్నీ అంటించాడు.